పేర్ల పట్టికలో రసం

మైదానంలో బంతి కదలకముందే ఒక కళ పూర్తయి ఉంటుంది. దాన్ని చూడటానికి స్టేడియం అక్కర్లేదు, టీవీ అక్కర్లేదు, కాగితం మీద వరసగా రాసిన పేర్లు చాలు. జిల్లాకో, రాష్ట్రానికో, దేశానికో ఆడబోయే జట్టు పట్టిక చేతికి రాగానే చాలామంది తమవాడున్నాడా లేడా అని వెతుక్కుని పక్కన పెట్టేస్తారు. నేను దాన్ని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదువుతాను. ఎవరి పక్కన ఎవరు పడ్డారో చూస్తాను. ఈ ఇద్దరి మధ్య ఖాళీని నింపడానికే ఆ మూడోవాణ్ణి తెచ్చారని తట్టిన క్షణాన, చిక్కుపడ్డ పద్యానికి అన్వయం కుదిరినప్పటి ఆనందం కలుగుతుంది.

ఈ ఆనందం ఇప్పుడు ఫోన్ తెరమీద కూడా దొరుకుతోంది. 1997లో స్వీడన్‌లో పుట్టిన హాట్రిక్ అనే ఆన్‌లైన్ ఫుట్‌బాల్ ఆటలో చేరిన ప్రతివారికీ ఒక క్లబ్బు ఉంటుంది. ఆటగాళ్లను కొంటారు, తర్ఫీదు ఇస్తారు, అమ్ముతారు. వీటన్నిటి పైన ప్రతి దేశానికీ ఒక జాతీయ జట్టు ఉంటుంది. దానికి కోచ్‌ను ఆ దేశంలోని మేనేజర్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. బ్లాకౌట్ రగ్బీ లాంటి ఆటలు ఇదే పద్ధతిని రగ్బీకి తెచ్చి, పెద్దల జట్టుతో పాటు ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల జట్టునూ పెట్టాయి. అలా గోదావరి వెనకనీళ్లకు దగ్గరగా, పసుపు చేలూ ఎర్రజొన్న చేలూ ఉన్న మా నందిపేట్‌లో కూర్చున్న కుర్రవాడు కూడా ఒక దేశానికి పదిహేను మందిని ఎంచవచ్చు.

ఆ జాతీయ సెలెక్టర్ స్థితి ఎంత విచిత్రమో చూడండి. ఒక్క ఆటగాడూ అతని సొంతం కాదు. ఎవరినీ కొనలేడు, అమ్మలేడు. ఎవరో ఎక్కడో పెంచినవాళ్లను చూసి, పోల్చి, ఏరి, ఒకచోట నిలబెట్టడం ఒక్కటే అతని పని. 1935లో ముద్దుకృష్ణ ‘వైతాళికులు’ తెచ్చినప్పుడు అందులోని కవితలను పుట్టించినవారు వేరు. వాటిని పక్కపక్కన పెట్టి ఒక కాలపు గొంతును వినిపించింది మాత్రం ఆయనే. అందుకే ఎవరెవరి కవితలతోనో నిండిన ఆ పుస్తకాన్ని తొంభై ఏళ్లుగా ఆయన పేరుతో చెప్పుకుంటున్నాం. సంకలనం రచనే అని ఒప్పుకున్నవాళ్లు జట్టు ఎంపిక కూడా రచనే అని ఒప్పుకోవాలి. యాజమాన్యం లేని ఈ సృజనలో ఒక శుభ్రత ఉంది. తన క్లబ్బుకు కొనుక్కునేవాడి చూపులో లాభం కలుస్తుంది. దేశానికి ఎంచేవాడి చూపులో ఆట ఒక్కటే మిగులుతుంది.

ఎంపికలోని అందం పూర్తిగా విప్పారేది రగ్బీలోనే అని నా నమ్మకం. ఆ ఆటలో చొక్కా మీది అంకె చెబితే చాలు, మనిషి పని తెలుస్తుంది, దాదాపు ఆకారం కూడా తెలుస్తుంది. ఒకటి నుంచి ఎనిమిది వరకు ఫార్వర్డ్‌లు, తొమ్మిది నుంచి పదిహేను వరకు బ్యాక్‌లు. స్క్రమ్‌లో ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు తలలు దించి, భుజాలు కలిపి, ఒకరినొకరు నెడతారు. బోధన్ దగ్గర హున్సాలో హోలీ సాయంత్రం జరిగే పిడిగుద్దులాటలో తాడుకు అటూ ఇటూ నిలిచే వరసలను చూసినవాళ్లకు, మనుషులు ఒక్క దేహంగా ఆని నిలవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. స్క్రమ్ ముందువరసలో మూడో నంబరు ప్రాప్ తల ప్రత్యర్థులిద్దరి మధ్య ఇరుక్కుంటుంది, బరువు రెండు భుజాల మీదా పడుతుంది. ఒకటో నంబరువాడికి ఒక భుజం బయటే ఉంటుంది. చూడటానికి ఇద్దరూ ఒకలాంటి దిట్టమైన మనుషులే, కానీ ఒకరి పని మరొకరికి అంత తేలిగ్గా పట్టుబడదు. పట్టికలో నేను ముందు చదివేది ఈ మూడో పేరే. అతను గట్టిగా నిలబడితేనే మిగతా ఏడుగురి బలం ముందుకు పారుతుంది. మర్నాటి పేపర్లో ఫోటో మాత్రం వింగ్ నుంచి పరుగెత్తినవాడిది పడుతుంది.

నాలుగు, ఐదు నంబర్లు లాక్‌లు. పొడుగైనవాళ్లు ఇద్దర్ని తెచ్చేస్తే సరిపోతుందనుకుంటాడు కొత్త సెలెక్టర్. మా వైపు రైతు కాడికి ఎద్దుల్ని ఊరికే జత చేయడు. దాపట నడిచేదేది, వలపట నడిచేదేది చూస్తాడు. లాక్‌ల జోడీ కూడా అలాగే కుదరాలి. గీత బయటినుంచి బంతిని లోపలికి విసిరే లైనవుట్‌లో గాల్లోకి లేచి దాన్ని అందుకోవడం ఒకరికి సహజం, స్క్రమ్‌లో వెనకనుంచి నెట్టడం మరొకరికి సహజం. ఇద్దరూ ఎగిరేవాళ్లే అయితే స్క్రమ్ వెనక్కి జారుతుంది, ఇద్దరూ నెట్టేవాళ్లే అయితే లైనవుట్‌లో బంతి అవతలివాళ్లదవుతుంది. ఇక తొమ్మిది, పది. బంతిని గుంపులోంచి బయటకు తీసేవాడు ఒకడు, దాన్ని ఏం చేయాలో తేల్చేవాడు మరొకడు. వీళ్లను విడివిడిగా ఎంచడం తప్పు, జంటగానే ఎంచాలి. ఒకే క్లబ్బులో ఏళ్ల తరబడి కలిసి ఆడిన మధ్యరకం జంట, ఒకరినొకరు ఎరగని ఇద్దరు గొప్పవాళ్ల కన్నా మేలు చేసిన సందర్భాలు రగ్బీలో ఉన్నాయి.

మా మేనల్లుడు ఒక రాత్రి ఇలాంటి ఆట తెరిచి పొడవాటి పట్టిక చూపించాడు. స్టామినా, హ్యాండ్లింగ్, అటాక్, డిఫెన్స్, టెక్నిక్, బలం, జంపింగ్, వేగం, చురుకుదనం, కిక్కింగ్. ఒక్కో ఆటగాడికి ఇన్ని గడులు. పక్కన ఎత్తు, బరువు, ఆనాటి ఫామ్, ఒంట్లో మిగిలిన శక్తి. చివర అన్నీ కలిపిన ఒక పెద్ద అంకె. “మామా, పెద్ద నంబరు ఉన్నోళ్లనే పైనుంచి పదిహేను మందిని తీస్కుంటే అయిపోదా?” అన్నాడు. అలా తీస్తే ఏమొచ్చిందో ఇద్దరం చూశాం. నలుగురు ఫుల్‌బ్యాక్‌లు వచ్చారు, స్క్రమ్ ముందువరస నడుమ నిలిచే హుకర్ ఒక్కడూ రాలేదు. అప్పుడు వాడు గడుల్ని విడదీసి చదవడం మొదలుపెట్టాడు. హుకర్‌కు కిక్కింగ్ ఎందుకు? వింగ్‌కు జంపింగ్ ఎంత కావాలి? ఈ పిల్లవాడి టెక్నిక్ ఇంత ఎక్కువుంది, బలం ఇంత తక్కువుంది, వీణ్ణి ఎక్కడ నిలబెడితే ఈ లోటు దాగుతుంది? వాడి మొహంలో ఏకాగ్రత వచ్చింది. అంకెల వెనక మనుషులు కనబడుతున్నారని నాకర్థమైంది. నాకు ఆ రాత్రి పట్టిన సంతోషం ఇప్పటికీ వదల్లేదు.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. అలంకారమైనా, గుణమైనా, రసమైనా, తగిన చోట ఉన్నప్పుడే దానికి ఆ పేరు దక్కుతుందని ‘ఔచిత్య విచార చర్చ’లో అంశం వెంట అంశం తీసుకుని పరీక్షించాడు. జట్టు ఎంపికకు అంతకన్నా దగ్గరి శాస్త్రం నాకు తెలియదు. మన కళ్లముందే దీనికి ఉదాహరణ ఉంది. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నది. లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. పవన్ తన వంతు పాయింట్లు తెచ్చాడు. అయినా ఆ సీజన్‌లో జట్టు 22 మ్యాచుల్లో గెలిచింది రెండే, పట్టికలో అట్టడుగున నిలిచింది. కబడ్డీలో రైడర్ తెచ్చిన పాయింటును కార్నర్లు, కవర్లు కాపాడాలి. ఎడమ కార్నర్ కాలు పట్టిన క్షణానికి పక్కనున్న కవర్ మీదపడాలి. ఆ కుదురు లేని చోట ఎంత మెరిసే ఆటగాడైనా ఒంటరివాడే.

ఔచిత్యం పరాకాష్ఠకు చేరిన పట్టిక ఒకటుంది. దాన్ని రాసినవాడు మన హైదరాబాదువాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. ఉస్మానియాలో చదివి, ఆడి, బడిలో పాఠాలు చెప్పిన ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉండగా 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుకే దక్కింది. 1951 ఆసియా క్రీడల్లో ఆయన తీర్చిన భారత జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో చితికిపోయింది. అక్కడినుంచి ఆయన జట్టును మళ్ళీ అక్షరం అక్షరం కూర్చి, 1956 మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. ఇవన్నీ గొప్పవే. అయినా రసదృష్టితో చూసేవాడు ఆగాల్సింది 1962 సెప్టెంబర్ 4న, జకార్తాలో.

ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో ఊరు ఊరంతా మన మీద కోపంతో ఉంది. ఫైనల్ నాడు సెనయన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం, అందరూ మనకు ఎదురు. ఎదుట దక్షిణ కొరియా. గ్రూపు మ్యాచ్‌లో మనల్ని 2–0తో ఓడించిన జట్టే. మన శిబిరంలో చూస్తే సగం మంది దెబ్బలతో ఉన్నారు. వెనకవరసకు వెన్నెముకైన జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్‌తో ఆటలో తలపగిలి కుట్లు పడ్డాయి. త్రిలోక్ సింగ్‌కు కాలివేలు నొప్పి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో పడకేసి లేచాడు. మామూలు సెలెక్టర్ అయితే ఈ స్థితిలో దెబ్బ తగలనివాళ్లను లెక్కపెట్టుకుని పదకొండు నింపేవాడు.

రహీం సాబ్ ఏం చేశాడో చూడండి. తలకు కట్టుతో ఉన్న స్టాపర్ జర్నైల్‌ను మొత్తం ఆటస్థలం దాటించి ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌లోనే ఈ ప్రయోగం చేశాడు, జర్నైల్ గోలు కొట్టాడు, మనం 3–2తో గెలిచాం. వెనక గోడను చంద్రశేఖర్, త్రిలోక్, అరుణ్ ఘోష్‌లకు అప్పగించాడు. అప్పటిదాకా గోలులో నిలబడ్డ ప్రద్యుత్ బర్మన్‌ను పక్కనపెట్టి, జ్వరం నుంచి లేచిన, ఆరడుగులు దాటిన తంగరాజ్‌ను గోలులోకి పిలిచాడు. మధ్యలో ప్రశాంత సిన్హా, ఫ్రాంకో. ముందు పీకే బెనర్జీ, చునీ గోస్వామి, జర్నైల్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్. ఈ పదకొండు పేర్లను మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి చదవండి. వీళ్లలో తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడు, బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడవాడు, యూసుఫ్ ఖాన్ హైదరాబాదువాడు. పీకే వేగం, చునీ ఒడుపు, బలరాం పాదాల నేర్పు. ఈ మూడు సన్నటి గీతల మధ్య ఒక మొరటు రాయి లాంటి జర్నైల్. మూడు సున్నితాల సరసన ఒక పరుషం. కవి అయితే అక్కడ తప్పక ఒక ద్విత్వాక్షరం వేసేవాడు.

జర్నైల్‌ను అక్కడ పెట్టడం గత్యంతరం లేక చేసిన సర్దుబాటు అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. గత్యంతరం లేకపోతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టవచ్చు. రహీం సాబ్ ఆ గాయపడ్డ మనిషిలో ఇంకా ఏం మిగిలిందో చూశాడు. తలతో బంతిని తోసెయ్యాల్సిన స్టాపర్ పని అతనికి ఆరోజు కష్టం. ప్రత్యర్థి రక్షకుల మధ్యకు దూసుకెళ్లే ధైర్యం, దేహబలం మాత్రం చెక్కుచెదరలేదు. లోటు ఏదో తెలుసుకుని, ఆ లోటు అడ్డొచ్చే చోటునుంచి మనిషిని తీసి, మిగిలిన బలం పూర్తిగా పనికొచ్చే చోట పెట్టడం. ఇది అచ్చమైన ఔచిత్యం. పదిహేడో నిమిషంలో పీకే గోలు, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోలు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది, 2–1తో స్వర్ణం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రాలేదు. క్యాన్సర్‌తో పోరాడుతున్న రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశాడు. 2024లో అజయ్ దేవగన్ ఆయన పాత్ర వేసిన ‘మైదాన్’ సినిమాతో ఆ కథ చాలామందికి తెలిసింది. కథ తెలిసినవాళ్లు ఇక ఆ పట్టికను కూడా చదవాలని నా కోరిక.

రగ్బీ ప్రపంచంలో ఆయనకు తోబుట్టువులాంటి మనిషి కార్విన్ జేమ్స్. వేల్స్‌లో వెల్ష్ భాష, సాహిత్యం బోధించినవాడు. 1971లో బ్రిటిష్ లయన్స్ న్యూజిలాండ్ వెళ్లినప్పుడు ఆయనే కోచ్. లయన్స్ అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ నాలుగు చోట్లనుంచి ఏరికూర్చే జట్టు, ప్రాతినిధ్య ఎంపికకు పరమావధి. కార్డిఫ్ క్లబ్బులో కలిసి ఆడే గారెత్ ఎడ్వర్డ్స్, బారీ జాన్ ఆ జట్టుకు తొమ్మిది, పది. ఇంకో పేరు నాకు అంతకన్నా ఇష్టం. మొదటి టెస్టుకు ముందు క్యాంటర్‌బరీతో ఆటలో ముఖ్యమైన ప్రాప్‌లు మెక్‌లాక్లిన్, కార్మైకేల్ ఇద్దరూ దెబ్బలు తిని దూరమయ్యారు. ఆ చోటుకు వచ్చిన ఇయాన్ మెక్‌లాకన్, ప్రాప్‌గా చూస్తే చిన్న ఆకారంవాడు. మొదటి టెస్టులో లయన్స్ చేసిన ఒకే ఒక్క ట్రై అతనిదే. లయన్స్ ఆ సిరీస్ గెలిచారు. న్యూజిలాండ్ గడ్డ మీద వాళ్లు గెలిచిన సిరీస్ అదొక్కటే. పట్టికలో పదహారో పేరు, పదిహేడో పేరు ఎంత ప్రేమతో రాయాలో ఆ ప్రాప్ చెబుతాడు.

రాయని పేర్ల సంగతి కూడా ఉంది. మంచి పట్టికలో లేనివాళ్లు ధ్వనిలా వినబడతారు. బర్మన్ పేరు లేకపోవడం తంగరాజ్ పేరుకు అర్థం ఇస్తుంది. ఆన్‌లైన్ ఆటలో పేరు రాని బాధ మరో రూపంలో ఉంటుంది. ఎక్కడో ఒక ఊళ్లో ఒక మేనేజరు తన పిల్లవాణ్ణి నెలల తరబడి తర్ఫీదిచ్చి పెంచుకుంటాడు, జాతీయ పిలుపు కోసం ఎదురుచూస్తాడు. పిలుపు వచ్చినవాడి ఆనందాన్ని నేను చూశాను. ఆ ఆటగాడికి రక్తమాంసాలు లేకపోవచ్చు. పెంచినవాడి గర్వానికి మాత్రం ఏ లోటూ లేదు.

నాకు అన్నిటికన్నా రసవంతమైనది కుర్రాళ్ల జట్టు ఎంపిక. అక్కడ సెలెక్టర్ ఇవాళ్టి మనిషిని చూస్తూనే నాలుగేళ్ల తర్వాతి మనిషిని కూడా చూడాలి. మా జిల్లాలో మండల పోటీల నుంచి జోనల్, అక్కడినుంచి జిల్లా, రాష్ట్రం దాకా సాగే స్కూల్ గేమ్స్ సెలక్షన్స్‌లో ఈ చూపు నిత్యం పనిచేస్తుంది. ప్రాబబుల్స్ పేర్లు చదువుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడతారు. పక్కన విజిల్ మెడలో వేసుకున్న పీఈటీ సారు, తన బడి పిల్లవాడి పేరు వినబడ్డా మొహంలో కనబడనివ్వడు. నిజామాబాద్ జిల్లా నుంచే ఎండల సౌందర్య 2013 జూనియర్ ప్రపంచకప్‌లో కాంస్యం గెలిచిన భారత హాకీ జట్టులోకి వెళ్లింది. 2025లో ఆసియా కప్‌కు అర్హత సాధించిన భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఇదే జిల్లా గుగులోతు సౌమ్య ఉంది. ఈ ఇద్దరినీ ఎప్పుడో, ఏదో ఎండలో, ఇంకా రూపం తేలకముందే ఎవరో చూసి ఒక కాగితం మీద పేరు రాశారు. ఆ మొదటి కాగితాలు ఎక్కడా భద్రంగా ఉండవు, మ్యూజియంలో పెట్టదగ్గవి అయినా.

మేనల్లుడి కుర్రాళ్ల పట్టికలో పద్నాలుగు నిండాక మూడో నంబరు మిగిలింది. ఇద్దరు పోటీ. ఒకడికి అన్ని గడుల్లోనూ మంచి అంకెలే, పందొమ్మిదేళ్లకే పండిపోయాడు. రెండోవాడు పద్దెనిమిదేళ్లవాడు, వేగం దాదాపు శూన్యం, చేతుల్లో బంతి నిలవదు, బలం, టెక్నిక్ మాత్రం వయసుకు మించి ఉన్నాయి, బరువూ ఉంది. “పెద్ద నంబరు మొదటోనిదే గద మామా” అన్నాడు మళ్ళీ, కానీ ఈసారి వేలు రెండోవాడి మీదే ఉంది. మూడో నంబరువాడు పరుగెత్తేదెక్కడికి? బంతి పట్టేదెన్నిసార్లు? వాడి ముందు ఇద్దరు ప్రత్యర్థుల భుజాలుంటాయి, వెనక ఐదుగురి బరువుంటుంది, ఆ చోటుకు కావాల్సినవి వాడి దగ్గర రెండే ఉన్నాయి, ఆ రెండూ నిండుగా ఉన్నాయి. రెండోవాణ్ణే రాశాం. మొదటివాణ్ణి పదిహేడో పేరుగా ఉంచాం, ఒకటో నంబరుకైనా మూడో నంబరుకైనా అక్కరకొస్తాడని.